గెలిచింది మిదోరియా జట్టు, మెప్పు ఈదాకి: యూఏ స్కూల్ శిక్షణ అసలు దేన్ని కొలుస్తుంది?

'మై హీరో అకాడెమియా' యానిమే (జపాన్ యానిమేషన్ సీరియల్) 2016 ఏప్రిల్‌లో మొదలైంది. చివరి సీజన్ 2025 అక్టోబరులో మొదలై ఆ ఏడాది ముగిసేలోపే పూర్తయింది. మొత్తం కథ చేతికందింది కాబట్టి ఇప్పుడు మొదటి ఎపిసోడ్ నుంచి చూడటం మొదలుపెట్టినవాళ్లు కనిపిస్తున్నారు. అలా చూసేవాళ్లకు ఒకచోట తప్పకుండా సందేహం వస్తుంది. మొదటి సీజన్‌లో హీరోలను తయారుచేసే యూఏ స్కూల్లో క్లాసు పిల్లలు ఇద్దరిద్దరుగా జట్లు కట్టి తలపడతారు. మిదోరియా, ఉరారకా గెలుస్తారు. బకుగో, ఈదా ఓడిపోతారు. మ్యాచ్ అయ్యాక టీచర్ ఆల్ మైట్ మాత్రం, వీళ్లలో అందరికన్నా బాగా చేసింది ఈదా అని ప్రకటిస్తాడు.

ఓడిన జట్టులోవాడు, మ్యాచ్‌లో మొదటి నుంచి చివరిదాకా ఒక గదిలో కాపలా కాసినవాడు, ఉత్తముడెలా అయ్యాడు? ఈ ప్రశ్నకు జవాబు పట్టుకుంటే తర్వాతి సీజన్లలో వచ్చే శిక్షణ ఎపిసోడ్లన్నీ అర్థమవుతాయి. అయితే ఆ జవాబు మ్యాచ్‌లో లేదు. ఆ కథలోని చట్టంలో ఉంది. అందుకే అక్కడి నుంచి మొదలుపెడదాం. (నాలుగు, ఐదు సీజన్లలోని విషయాలు కొన్ని ఇందులో వస్తాయి. ఇంకా చూడనివాళ్లు గమనించగలరు.)

శక్తి చాలామందికి ఉంది, వాడే హక్కు కొందరికే

కోహెయ్ హోరికోషి 2014 నుంచి 2024 దాకా 'వీక్లీ షోనెన్ జంప్' పత్రికలో నడిపిన మాంగా (జపాన్ కామిక్స్) దీనికి మూలం. ఆ లోకంలో జనాభాలో దాదాపు 80 శాతం మందికి ఏదో ఒక విచిత్ర శక్తి ఉంటుంది. దాన్ని 'క్వర్క్' అంటారు. నాలుగేళ్లు వచ్చేసరికి బయటపడుతుంది. ఒకరి చెమట పేలుతుంది, ఒకరు ముట్టుకుంటే వస్తువు బరువు కోల్పోతుంది, ఒకరి పిక్కల్లో ఇంజన్లు ఉంటాయి. మన కథానాయకుడు ఇజుకు మిదోరియా మిగతా 20 శాతంలో పుట్టినవాడు. అతని శక్తి తర్వాత ఆల్ మైట్ నుంచి వచ్చింది.

ఇలాంటి లోకంలో ఎవరికి తోచినట్టు వాళ్లు శక్తి వాడితే వీధిలో నడవడం కూడా కష్టం. అందుకని అనుమతి లేకుండా బహిరంగ స్థలాల్లో క్వర్క్ వాడటం నేరం. అనుమతి ఉన్నవాళ్లను హీరోలంటారు. అంటే ఇక్కడ 'హీరో' బిరుదు కాదు, లైసెన్సున్న వృత్తి. జీతం ఉంటుంది, ర్యాంకులు ఉంటాయి, ఆఫీసులు ఉంటాయి.

మరి పోలీసులు ఏం చేస్తున్నట్టు? రెండో సీజన్‌లో ఒక పోలీసు ఉన్నతాధికారి దీని చరిత్ర చెబుతాడు. శక్తులు కొత్తగా బయటపడిన రోజుల్లో పోలీసు శాఖ క్రమశిక్షణకు, ఒకే ప్రమాణానికి ప్రాధాన్యమిచ్చి, క్వర్క్‌లను ఆయుధాలుగా వాడకూడదని నిర్ణయించుకుంది. ఆ ఖాళీలోకి హీరోలు వచ్చారు. మొదట్లో విమర్శలు వచ్చినా, ముందువాళ్లు నీతి తప్పకుండా పనిచేయడం వల్లే జనం ఈ వృత్తిని ఒప్పుకున్నారు. ఈ చివరి మాట ముఖ్యం. హీరోకి ఇచ్చిన అధికారం అతని బలాన్ని చూసి ఇచ్చింది కాదు. బలాన్ని అదుపులో ఉంచుకుంటాడన్న నమ్మకంతో ఇచ్చింది. స్కూల్లో టీచర్లు పిల్లల్లో వెతికేది ఆ అదుపునే.

ప్రవేశ పరీక్షలో దాచిపెట్టిన మార్కులు

యూఏ హైస్కూల్లో హీరో కోర్సుకు ఏటా 40 సీట్లు. నాలుగు సిఫారసు కోటా, 36 పోటీ పరీక్ష ద్వారా. ఒక్కో సీటుకు 300 మంది పోటీ.

ప్రాక్టికల్ పరీక్షలో పది నిమిషాల్లో రోబోలను పడగొట్టాలి. రోబో రకాన్ని బట్టి ఒకటి, రెండు, మూడు మార్కులు. సున్నా మార్కుల రోబో ఒకటి ఉంటుంది. అది భవనమంత ఎత్తుంటుంది, దాన్ని చూస్తే పారిపోవడమే తెలివి. మిదోరియా ఒక్క రోబోను కూడా పడగొట్టలేకపోతాడు. చివరి నిమిషంలో ఉరారకా శిథిలాల కింద ఇరుక్కుంటే, ఆమె కోసం ఆ సున్నా మార్కుల రోబో మీదికి దూకి ఒక్క దెబ్బతో కూల్చేస్తాడు. ఒక చేయి, రెండు కాళ్లు విరుగుతాయి. మార్కులు సున్నా.

ఫలితాలు వచ్చాక అసలు సంగతి తెలుస్తుంది. పైకి చెప్పని రెండో పట్టిక ఒకటుంది, సహాయపు మార్కులు. పరీక్షకులు చూసి వేసేవి. బకుగోకి రోబోల మార్కులు 77, సహాయపు మార్కులు 0, మొత్తంలో మొదటి స్థానం. కిరిషిమాకి 39, 35 కలిపి 74. ఉరారకాకి 28, 45 కలిపి 73. మిదోరియాకి రోబోల్లో 0, సహాయంలో 60. ఏడో స్థానం.

ఇక్కడ ఒక అపోహ ఉంది. 'మంచి మనసుంటే చాలు, సీటు వస్తుంది' అని ఈ పరీక్ష చెబుతోందని కొందరు అనుకుంటారు. కానీ జాబితాలో మొదట నిలిచింది ఎవరికీ సాయపడని బకుగోయే. యూఏ ఒక గుణాన్ని మెచ్చి ఇంకోదాన్ని తీసేయలేదు. రెండు వేర్వేరు కొలతలు తీసి కలిపింది, అందులో ఒకటి పిల్లలకు చెప్పలేదు. ఈ అలవాటు స్కూల్ చివరిదాకా వదలదు.

46 మీటర్ల నుంచి 705.3 మీటర్లకు

ఐదో ఎపిసోడ్‌లో మొదటిరోజు. ప్రవేశోత్సవానికి వెళ్లకుండానే క్లాసు టీచర్ ఐజావా పిల్లలను మైదానానికి తీసుకుపోతాడు. ఎనిమిది పరీక్షలు: 50 మీటర్ల పరుగు, పిడికిలి బలం, నిలబడి దూకడం, పక్కలకు అడుగులు వేయడం, బంతి విసరడం, దూరపు పరుగు, వెల్లకిలా పడుకుని లేవడం, కూర్చుని ముందుకు వంగడం. ఇవి రచయిత ఊహించి రాసినవి కావు. జపాన్ బడుల్లో పిల్లలకు నిజంగానే ఏటా పెట్టే శారీరక సామర్థ్య పరీక్షలో ఉండే అంశాలు ఇలాంటివే. జపాన్ ప్రేక్షకుడు అందులో తన బడి మైదానాన్ని గుర్తుపడతాడు. మనకు అది కొత్తగా కనిపించి, మొత్తం కల్పనే అనుకుంటాం.

తేడా ఏమిటంటే ఇక్కడ క్వర్క్ వాడొచ్చు. మిడిల్ స్కూల్లో 67 మీటర్లు విసిరిన బకుగో పేలుడు జోడించి 705.2 మీటర్లు విసురుతాడు. మిదోరియా మొదటిసారి విసిరితే 46 మీటర్లు. ఎందుకంటే ఐజావా తన చూపుతో అతని శక్తిని ఆపేశాడు. చేయి విరగ్గొట్టుకుని కూలబడితే ఇంకొకరు మోసుకుపోవాలి, అలాంటివాడు హీరో కాలేడు అన్నది ఐజావా అభ్యంతరం. రెండోసారి మిదోరియా శక్తినంతా వేలి కొసకు తెచ్చి, బంతి చేయి వదిలే క్షణంలో మాత్రమే వాడతాడు. 705.3 మీటర్లు. వేలు ఒకటే విరుగుతుంది. ఇంకా నిలబడగలనని పిడికిలి బిగించి చూపిస్తాడు.

బకుగో కన్నా 0.1 మీటరు ఎక్కువ రావడం చాలామందికి గుర్తుండిపోతుంది. ఐజావా చూసింది మాత్రం ఆ అంకెను కాదు. మొత్తం ఎనిమిది పరీక్షల్లో మిదోరియా 20 మందిలో 20వవాడు. చివరివాడిని పంపించేస్తానన్న ఐజావా ఆ మాట అబద్ధమని చెప్పి అందరినీ ఉంచేస్తాడు. అంతకు ముందు ఏడాది ఒక క్లాసు మొత్తాన్ని పంపించేసిన మనిషి ఆయన. కాబట్టి ఆ బెదిరింపు పూర్తిగా ఉత్తదని నేను అనుకోను. నిన్నటిదాకా ఒళ్లంతా విరగ్గొట్టుకున్న పిల్లవాడు ఇవాళ ఒక వేలితో సరిపెట్టాడు. ఆయన నిర్ణయాన్ని మార్చింది ఆ తేడాయే.

ఆ పదిహేను నిమిషాల మ్యాచ్

ఇప్పుడు అసలు చోటుకి వద్దాం. ఆరో ఎపిసోడ్ చివర మొదలై ఎనిమిదో ఎపిసోడ్ దాకా సాగే శిక్షణ ఇది. ఒక జట్టు హీరోలు, ఇంకో జట్టు విలన్లు. విలన్లు ఒక భవనంలో అణ్వాయుధం దాచారన్నది ఊహించుకోవాల్సిన పరిస్థితి. ఆయుధం బొమ్మ మాత్రమే. పదిహేను నిమిషాల్లో హీరోలు ఆయుధాన్ని తాకాలి, లేదా విలన్లకు పట్టీ చుట్టి బంధించాలి. అప్పటిదాకా ఆయుధాన్ని కాపాడుకుంటే విలన్లు గెలిచినట్టు.

చీటీల్లో మిదోరియా, ఉరారకా హీరోలు. బకుగో, ఈదా విలన్లు. బకుగో చిన్నప్పటి నుంచి మిదోరియాను చిన్నచూపు చూసినవాడు. శక్తి లేదనుకున్నవాడికి హఠాత్తుగా శక్తి రావడం చూసి, ఇన్నాళ్లూ తనను మోసం చేశాడని రగిలిపోతున్నాడు. మ్యాచ్ మొదలవగానే తోడున్న ఈదాకి ఒక మాటైనా చెప్పకుండా మిదోరియా మీదికి పోతాడు.

మిదోరియా దగ్గర చిన్ననాటి నుంచి బకుగోను గమనిస్తూ రాసుకున్న నోటు పుస్తకాలున్నాయి. బకుగో ఎప్పుడూ మొదట కుడిచేత్తోనే పెద్ద దెబ్బ వేస్తాడని అతనికి తెలుసు. ఆ చేతిని పట్టుకుని నేలకేసి కొడతాడు. ఉరారకా పైకి పోయి ఆయుధమున్న గది కనిపెడుతుంది. అక్కడ ఈదా ఒంటరిగా ఉన్నాడు. తన పాత్రకు తగ్గట్టు విలన్‌లా నవ్వుతూ, భయంకరంగా మాట్లాడటం సాధన చేస్తున్నాడు. అంత పద్ధతైన కుర్రాడు అలా మాట్లాడుతుంటే ఉరారకా నవ్వు ఆపుకోలేకపోతుంది. దొరికిపోతుంది.

చాలామంది ఈ చోటును సరదా సన్నివేశంగా చూసి దాటేస్తారు. నాకు మాత్రం మ్యాచ్ మొత్తానికి తాళంచెవి ఇక్కడే ఉందనిపిస్తుంది. ఈదా నవ్వించడం లేదు, తనకిచ్చిన పాత్రను నిజమని నమ్మి చేస్తున్నాడు. ఇంకో సంగతి ఉంది. గదిలో ఉన్న సామానంతా అతను ముందే తీసేశాడు. ఉరారకా ముట్టుకున్న వస్తువు తేలుతుంది. ముట్టుకోవడానికి ఏమీ లేకపోతే ఆమె శక్తి పనికిరాదు. నలుగురిలో ఎదుటివారి శక్తిని లెక్కలోకి తీసుకుని, స్థలాన్ని దానికి తగ్గట్టు సర్దుకున్నవాడు ఈదా ఒక్కడే.

కింద బకుగో చేతి తొడుగులో నిలవచేసిన చెమటనంతా ఒక్కసారి పేలుస్తాడు. భవనం గోడ ఎగిరిపోతుంది. ఆల్ మైట్ మైకులో హెచ్చరిస్తాడు. లోపల అలాంటి దాడి చేస్తే కాపాడాల్సిన స్థావరమే కూలుతుందని, అది హీరోకైనా విలన్‌కైనా తెలివితక్కువ పనని, మళ్లీ చేస్తే మ్యాచ్ ఆపేసి ఓడిపోయినట్టు ప్రకటిస్తానని.

చివర్లో మిదోరియా బకుగోను కొట్టబోయి, కొట్టకుండా పైకప్పుకేసి గుద్దుతాడు. అంతస్తులు చీలిపోయి పైగదిలో రాళ్లు లేస్తాయి. ముందే అనుకున్న ప్రకారం ఉరారకా విరిగిన స్తంభాన్ని బ్యాటులా పట్టుకుని ఆ రాళ్లను ఈదా మీదికి కొడుతుంది. అతను తప్పుకునేలోపు ఎగిరి ఆయుధాన్ని హత్తుకుంటుంది. గెలుపు! కానీ మిదోరియా రెండు చేతులూ పాడై స్పృహ లేకుండా పడి ఉంటాడు. ఉరారకా వాంతులు చేసుకుంటూ ఉంటుంది. ఓడినవాళ్లిద్దరూ నిలబడే ఉన్నారు.

యావోయోరోజు వేసిన లెక్క

ఈదాయే ఉత్తముడు ఎందుకో చెప్పమని ఆల్ మైట్ అడిగితే తోటి విద్యార్థిని మొమో యావోయోరోజు చెయ్యెత్తి వివరిస్తుంది. బకుగో పగతో ఒంటరిగా పోరాడాడు, భవనం లోపల పెద్ద పేలుడు వాడాడు. మిదోరియా కూడా, తన ఒంటికి తగిలిన దెబ్బలు చూస్తే, అంతే తెగింపుకు పోయాడు. ఉరారకా మధ్యలో ఏమరుపాటుగా ఉంది, ఆమె చివరి దాడి మరీ ప్రమాదకరం. అది నిజంగా అణ్వాయుధమే అనుకుంటే దాని చుట్టూ రాళ్ల వాన కురిపించేదా? ఈదా మాత్రం ఎదుటివారికి తగ్గట్టు సిద్ధమయ్యాడు, ఆయుధం నిజమనే భావించాడు. అందుకే అలాంటి దాడి వస్తుందని ఊహించలేక వెనకబడ్డాడు. హీరోల జట్టు గెలుపు 'ఇది శిక్షణే కదా' అన్న అలుసు వల్ల వచ్చిందే, దాదాపు ఫౌల్ లాంటిదే అని ఆమె తేల్చేస్తుంది.

తర్వాతి మ్యాచ్‌ను దీని పక్కన పెడితే తేడా తెలుస్తుంది. షోతో తోదోరోకి తన జట్టువాడిని బయటికి పంపి, భవనమంతా ఒక్కసారి గడ్డకట్టిస్తాడు. లోపలివాళ్ల కాళ్లు నేలకు అతుక్కుపోతాయి. నడుచుకుంటూ పోయి ఆయుధాన్ని తాకి, తర్వాత మంచు కరిగిస్తాడు. ఆయుధానికి గీత పడలేదు, ఎవరికీ గాయం కాలేదు, జట్టువాడు క్షేమం. గెలుపుకీ మంచి పనితీరుకీ ఇక్కడ గొడవ లేదు. మొదటి మ్యాచ్‌లో ఆ రెండూ విడిపోయాయి కాబట్టే అంత చర్చ నడిచింది.

ఈ లెక్క న్యాయమేనా?

ఒప్పుకోనివాళ్ల వాదనలో కూడా బలముంది. మొదటిది: నియమాల్లో 'ఆయుధాన్ని తాకితే గెలుపు' అని రాసి, ఆ నియమం ప్రకారం గెలిచినవాళ్లను తప్పుపట్టడం ఏమిటి? రెండోది: మిదోరియా తెలివి లెక్కలోకి రాలేదు. బకుగో కోపాన్ని తనవైపు తిప్పుకుని, ఉరారకాకి దారి వదిలించి, చివరి దెబ్బను మనిషి మీద కాకుండా పైకప్పు మీద వేయడం మామూలు ఆలోచన కాదు. మూడోది: ఈదా అంత సిద్ధపడినా ఆయుధం పోయింది కదా. బయట నిజంగా జరిగి ఉంటే విలన్ల పథకం విఫలమైనట్టే.

యావోయోరోజు వైపున్నవాళ్లు దీనికి చెప్పే జవాబు: బయట నిజంగా జరిగి ఉంటే ఆ రాళ్లలో ఒకటి ఆయుధానికి తగిలి ఉండేది, అప్పుడు గెలవడానికి ఎవరూ మిగిలేవారు కారు.

నా మట్టుకు రెండో వాదన గట్టిదనిపిస్తుంది. యావోయోరోజు మిదోరియాకి తక్కువే ఇచ్చింది. అయితే మొదటి వాదన మాత్రం ప్రశ్ననే తప్పుగా అర్థం చేసుకుంటోంది. మ్యాచ్ ఫలితాన్ని ఎవరూ మార్చలేదు, హీరోల జట్టే గెలిచిందని ఆల్ మైట్ ప్రకటించాడు. తర్వాత జరిగింది సమీక్ష. రోబోల మార్కులు, సహాయపు మార్కులు వేరైనట్టే ఇక్కడ గెలుపు, పనితీరు వేర్వేరు పట్టికలు. యూఏ రెండో పట్టికకే ఎక్కువ విలువ ఇవ్వడానికి కారణం ముందు చెప్పిన చట్టమే. హీరో వీధిలో గెలిచి, ఆ వీధినే కూల్చేస్తే జనం ఆ అధికారాన్ని వెనక్కి తీసుకుంటారు.

మంచి పనే, కానీ నేరం

ఈ చట్టం పిల్లల మెడకు చుట్టుకున్న సందర్భం రెండో సీజన్‌లో ఉంది. హీరోలను చంపుతూ తిరిగే స్టెయిన్ అనేవాడు ఈదా అన్నయ్యను మళ్లీ హీరోగా పనిచేయలేనంతగా గాయపరుస్తాడు. పగబట్టిన ఈదా ఇంటర్న్‌షిప్ కోసం కావాలనే హోసు నగరం ఎంచుకుని అతన్ని వెతుక్కుంటూ పోతాడు. అక్కడ గాయపడి పడి ఉన్న హీరోను వదిలేసి స్టెయిన్ మీదికి వెళ్తాడు. ముందు అతన్ని కాపాడు అని ఈదాకి గుర్తుచేసింది హంతకుడే! మ్యాచ్‌లో అందరికన్నా పద్ధతిగా నిలిచిన ఈదా, పగ వచ్చేసరికి ఆ రోజు బకుగో చేసిన తప్పే చేశాడు.

మిదోరియా, తోదోరోకి వచ్చి చేరతారు. ముగ్గురూ కలిసి స్టెయిన్‌ను పట్టుకుంటారు. ఆసుపత్రిలో పోలీసు అధికారి వచ్చి చెప్పేది శభాష్ కాదు. లైసెన్సు లేనివాళ్లు, పర్యవేక్షించే హీరోల అనుమతి లేకుండా క్వర్క్ వాడి మనిషిని గాయపరిచారు, కాబట్టి శిక్ష తప్పదు. ఎదుటివాడు హంతకుడైనా సరే. తోదోరోకి మండిపడతాడు: మరి మనుషులు చస్తుంటే చట్టం చూస్తూ కూర్చోవాలా?

అధికారి చూపిన దారి ఇది. ఈ సంగతి బయటపెట్టకుండా, స్టెయిన్‌ను పట్టుకున్నది ప్రో హీరో (పూర్తి లైసెన్సున్న హీరో) ఎండెవర్ అని ప్రకటిస్తారు. పిల్లలకు శిక్ష ఉండదు, పేరూ రాదు. వాళ్లను పర్యవేక్షించాల్సిన హీరోలు మాత్రం బాధ్యత మోశారు. మిదోరియా గురువు గ్రాన్ తొరీనోకి జీతంలో కోత పడింది. చివర్లో ఆ అధికారి తల వంచి, నగరాన్ని కాపాడేవాళ్లలో ఒకడిగా ధన్యవాదాలు చెబుతాడు. ఇద్దరి మాటలోనూ నిజముందని కథ ఒప్పుకుంటుంది, ఎవరినీ పూర్తిగా గెలిపించదు.

ప్రొవిజనల్ లైసెన్సు అంటే

ఈ చిక్కు విప్పడానికే మూడో సీజన్‌లో ప్రొవిజనల్ లైసెన్సు వస్తుంది. మనకు డ్రైవింగ్ లైసెన్సుకు ముందు ఇచ్చే ఎల్‌ఎల్‌ఆర్ లాంటిదనుకోవచ్చు, కానీ దీని పరిధి పెద్దది. ఇది చేతిలో ఉంటే అత్యవసర సమయంలో ప్రో హీరోలాగే క్వర్క్ వాడే హక్కు వస్తుంది. మామూలుగా రెండో ఏడాదిలో రాసే పరీక్ష. వరసగా జరిగిన దాడుల వల్ల యూఏ తన పిల్లలను మొదటి ఏడాదే పంపుతుంది.

పరీక్షకు ముందు సొంత ఎత్తులు తయారుచేసుకునే శిక్షణ ఎపిసోడ్ ఒకటుంది. అందులో టీచర్లు ఏమేం కొలుస్తారో చెబుతారు: సమాచారం సేకరించడం, నిర్ణయం తీసుకోవడం, కదలిక, పోరాట బలం, మాట్లాడే తీరు, ఆకర్షణ, నడిపించే గుణం. ఏడింటిలో పోరాటం ఒక్కటే. ఇంకొన్నిసార్లు ఇలాగే గాయపడితే చేతులు పనికిరాకుండా పోతాయని డాక్టర్ హెచ్చరించడంతో, మిదోరియా చేతులకు బదులు కాళ్లతో తన్నడం నేర్చుకునేది ఇక్కడే.

పరీక్షకు వచ్చినవాళ్లు 1,540 మంది. మొదటి రౌండ్‌లో నిలిచేది 100 మంది మాత్రమే. ఒక్కొక్కరి ఒంటి మీద మూడు గుర్తులు, చేతిలో ఆరు బంతులు. ఎదుటివారి గుర్తులకు బంతులు తగిలించి ఇద్దరిని బయటికి పంపాలి. ఇది అందరూ ఊహించే రకం పోటీయే.

రెండో రౌండ్ విపత్తు సహాయం. కూలిన భవనాల మధ్య బాధితులుగా నటించేవాళ్లు ఉంటారు. వాళ్లే పరీక్షకులు కూడా. నూరు మార్కులతో మొదలుపెట్టి తప్పు జరిగినప్పుడల్లా తగ్గిస్తూ పోతారు, 50 దాటి మిగిలితే పాస్. మిదోరియా ఏడుస్తున్న పిల్లవాడి దగ్గరికి పరిగెత్తి, ఏం చేయాలో తెలియని గాభరా ముఖంలో చూపిస్తాడు. పిల్లవాడి వేషంలో ఉన్న పరీక్షకుడు ఏడుపు ఆపి తిడతాడు. ముందు దెబ్బ ఎంత తీవ్రమో చూడు, ఊపిరి చూడు, సాయానికి వచ్చినవాడి ముఖమే అలా ఉంటే బాధితుడికి ధైర్యం ఎలా వస్తుంది? మిదోరియా వెంటనే ముఖం మార్చుకుని నవ్వుతూ, ఫర్వాలేదని చెబుతాడు. చివరికి 71 మార్కులు. యావోయోరోజుకి 94.

తోదోరోకి, బకుగో ఫెయిలయ్యారు. క్లాసులో అందరికన్నా బలమైనవాళ్లు ఆ ఇద్దరే. సహాయం జరగాల్సిన చోట తోదోరోకి, ఇంకో స్కూల్ కుర్రాడు పంతానికి పోయి, ఒకరి దాడిని ఒకరు చెడగొట్టుకున్నారు. బకుగో బాధితుల మీద అరిచాడు. ఈ ఫలితం చూసి ఆశ్చర్యపోయినవాళ్లు ఎనిమిదో ఎపిసోడ్‌ను ఇంకోసారి చూడాలి.

ఇవన్నీ 'ఫిల్లర్' కాదా?

కాదు. మాంగాలో లేకుండా యానిమే కోసం కలిపిన భాగాన్ని ఫిల్లర్ అంటారు. బంతి పరీక్ష, మొదటి మ్యాచ్, లైసెన్సు పరీక్ష, ఐదో సీజన్‌లో ఏ, బీ క్లాసుల ఉమ్మడి శిక్షణ అన్నీ మాంగాలో ఉన్నవే. పెద్ద విలన్ కనిపించని ఎపిసోడ్‌ను ఫిల్లర్ అనడం అలవాటైపోయింది, అంతే. ఈ కథ వరకు అయితే విలన్ వచ్చినప్పుడు పిల్లలు ఏం చేస్తారన్నది శిక్షణలోనే నిర్ణయమైపోతుంది. మూడో సీజన్‌లో సినిమా విడుదలకు అనుబంధంగా వేసిన ఎపిసోడ్ లాంటివి కొన్ని మాత్రం దాటేసినా నష్టం లేదు.

ఈ పద్ధతినే తప్పుపట్టేవాళ్లు

కథలోపలే దీన్ని ఎదిరించే గొంతులున్నాయి. వాటిలో గట్టిది హితోషి షిన్సోది. ఎదుటివాడు తన మాటకు జవాబిస్తే చాలు, అతని మనసును లొంగదీసుకోగలడు. నగరంలో బందీలను విడిపించడానికి ఇంతకన్నా పనికొచ్చే శక్తి ఏముంటుంది? కానీ ప్రవేశ పరీక్షలో ఉన్నవి రోబోలు, వాటికి మనసు లేదు. షిన్సో ఫెయిలై జనరల్ కోర్సులో చేరాడు. ఆ పరీక్ష తెలివైనది కాదని ఐజావా కూడా అంటాడు. స్కూల్ క్రీడోత్సవంలో రాణిస్తే హీరో కోర్సుకు మారే వీలుంటుంది. అక్కడ మిదోరియా చేతిలో ఓడినా షిన్సోను ఐజావా స్వయంగా తీర్చిదిద్దుతాడు. ఉమ్మడి శిక్షణలో పోరాడించి చూసి, రెండో ఏడాది నుంచి హీరో కోర్సులోకి తీసుకుంటారు. అంటే తప్పు సరిదిద్దే దారి ఉంది, కానీ చాలా పొడవు. సహాయపు మార్కులు దాచిపెట్టి మిదోరియాను కాపాడిన అదే పరీక్ష షిన్సోను బయట నిలబెట్టింది.

స్టెయిన్ అభ్యంతరం వేరు. జీతాలు, ర్యాంకులు, పేరు కోసం హీరోలైనవాళ్లు అసలు హీరోలే కాదంటాడు. అతని హత్యలను ఎవరూ సమర్థించలేరు, కానీ మాట తగిలిన చోట తగిలింది. ఐదో సీజన్‌లో కనిపించే విమోచన సైన్యం ఇంకా ముందుకు పోతుంది. క్వర్క్ వాడటం పుట్టుకతో వచ్చిన హక్కు, దానికి లైసెన్సు ఏమిటి అంటుంది. వాదన విన్నంతసేపు సబబుగానే ఉంటుంది. వాళ్ల పద్ధతిలో ఎవరి క్వర్క్ బలమైనదైతే వాళ్లదే రాజ్యమని తెలిశాక, లైసెన్సు ఎందుకు పుట్టిందో మళ్లీ అర్థమవుతుంది.

అమ్మ అభ్యంతరం ఇంకొకటి. మిదోరియా తల్లి (ఆమె పేరు ఇంకో), కొడుకు ప్రతిసారీ విరిగిన చేతులతో ఇంటికి రావడం చూసి, ఇక ఆ స్కూల్‌కు పంపనని ఆల్ మైట్‌కే చెప్పేస్తుంది. లోకంలోకెల్లా గొప్ప హీరో ఆమె ముందు నేల మీద వంగి, ప్రాణం పెట్టి చూసుకుంటానని వేడుకుంటాడు. ఆమె ఒప్పుకుంటుంది, కానీ ఒక షరతు పెడుతుంది. ఆయన కూడా బతికి ఉండి పిల్లవాడిని పెంచాలి. పదిహేనేళ్ల పిల్లలకు పోరాటం నేర్పడం సబబేనా అన్న ప్రశ్నకు కథ ఇంతకన్నా జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్న అలాగే ఉండిపోయింది.

ఫెయిలైన ఇద్దరికి దొరికిన క్లాసు

నాలుగో సీజన్‌లో బకుగో, తోదోరోకి మళ్లీ శిక్షణకు వెళ్తారు. అక్కడ వాళ్లకిచ్చిన పని విలన్లతో కాదు, మొండిగా తయారైన ఒక ప్రైమరీ స్కూల్ క్లాసుతో. పిల్లల మనసు గెలవాలి. మొదట మాటలు పనిచేయవు, అరుపులు అసలే పనిచేయవు. చివరికి తమ శక్తులతో వాళ్లకు మంచు జారుడుబల్ల కట్టి, వాళ్ల శక్తులను కూడా దాంట్లో కలుపుకుంటారు. ఎప్పుడూ ఎదుటివాళ్లను చిన్నచూపు చూస్తే తన బలహీనత తనకే కనబడదని ఒక మొండి పిల్లవాడికి చెప్పేది ఎవరో కాదు, బకుగో. మొదటి సీజన్‌లో అలాంటి మాట అతని నోట వచ్చే అవకాశమే లేదు.

ఇద్దరూ లైసెన్సు తెచ్చుకుంటారు. తెచ్చుకున్న అరగంటకే దొంగలను పట్టుకుంటారు. టీవీవాళ్లు ఇంటర్వ్యూ చేస్తారు. గంటసేపు మాట్లాడిన బకుగో భాగం మొత్తం కత్తిరించి తోదోరోకిని మాత్రమే చూపిస్తారు. ఆ తర్వాత యూఏలో పెట్టిన క్లాసు, విలేకరులతో ఎలా మాట్లాడాలన్నది. టీచర్‌గా ప్రో హీరో మౌంట్ లేడీ వస్తుంది. అందులో కూడా బకుగో పాఠం మొదటి నుంచే మొదలైంది.